స్తంభం వెనక బెంచీ

ఆమెకు కోపం ఎక్కువని ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఎందుకు ఎక్కువ అని మాత్రం ఒక్కరూ అడగరు. అడిగితే కూర్చోబెట్టి చెప్తుందని భయం. ఎమర్జెన్సీ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎడంచేతి వైపు ఒక టేబులు, దాని వెనక ఒక ఇనప స్టూలు, ఆ స్టూలు మీద ఎనిమిదేళ్ళుగా ఆమె. వచ్చిన మనిషిని మొదట చూసేది ఆమే, డాక్టరు ఆ తర్వాత. ఎవరిని లోపలికి పరిగెత్తించాలి, ఎవరిని కాసేపు ఆపవచ్చు అన్నది నిమిషంలో తేల్చాలి. తేల్చేటప్పుడు మర్యాదలు గుర్తుండవు. "మీ బావమరిది సంగతి తర్వాత చెబుదురుగానీ, ముందు చొక్కా విప్పండి" అంటుంది. అందుకే ఆయాలూ స్ట్రెచర్ తోసేవాళ్ళూ ఆమెకు చిటపట సిస్టర్ అని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా అనరు, చాటుగా అనుకుంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పేరు అబద్ధమైతే కదా కాదనడానికి.

ఆ రోజు చిటపటలు ఇంట్లోనే మొదలయ్యాయి. భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్తూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "ఓ సంతకం పారేసి రారాదూ, నీ సొమ్మేం పోయింది" అన్నాడు.

"నీ బస్సుకి బ్రేకు పడట్లేదని నువ్వు చెప్పావనుకో. చెప్పినందుకు క్షమాపణ రాయమంటే రాస్తావా?"

"బ్రేకూ నీ మెమో ఒకటేనా?"

"ఒకటే."

ఆయన ఇక మాట పెంచలేదు. టిఫిన్ క్యారేజీ అందుకుని, మీ అమ్మతో నువ్వే పడు అన్నట్టు కూతురి వైపు చూసి వెళ్ళిపోయాడు. పదో తరగతి చదివే ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండానే "పెట్టకమ్మా" అంది. ఇంట్లో ఒక్కరైనా తన పక్షం ఉన్నారని ఆమె మిగిలిన గిన్నెలు కాస్త నెమ్మదిగా కడిగింది.

మెమో సంగతి చెప్పాలంటే ముందు బెంచీ సంగతి చెప్పాలి. ఆమె టేబులుకి పాతికడుగుల దూరంలో లావుపాటి స్తంభం ఒకటుంది. దాని వెనక ఆకుపచ్చ రంగేసిన పొడుగాటి బెంచీ. ఎవరైనా వచ్చి గుండెల్లో మంట, పొట్ట ఉబ్బరం, త్రేన్పులు అంటే చాలు, కిటికీ దగ్గర చీటీలు రాసే గుమాస్తా తల కూడా ఎత్తకుండా, ఆమె దాకా పంపకుండా "గ్యాస్" అని రాసి ఆ బెంచీ వైపు వేలు చూపిస్తాడు. అక్కడ ఆయా చిన్న ప్లాస్టిక్ కప్పులో గులాబీ రంగు మందు పోసి ఇస్తుంది. పావుగంట కూర్చోవాలి. తగ్గితే ఇంటికి. ఇది ఎవరో నోటిమాటగా పెట్టిన అలవాటు కాదు. గోడ మీద అద్దం వెనక కాగితం ఉంది, కింద సంతకం ఉంది. ఆ సంతకం పెద్దక్కది.

పెద్దక్క అంటే ఆమెకు ముందు ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి. పని నేర్పిన మనిషి. రిటైరై ఎనిమిదేళ్ళయింది.

రెండు నెలల క్రితం బట్టలు కుట్టుకునే ఒకావిడ ఆ బెంచీ మీద కూర్చుంది. దవడ లాగుతోంది, పన్ను నొప్పేమో అంటూ గులాబీ మందు తాగింది. హాయిగా ఉందంది కూడా. చీటీలో గ్యాస్ అని ఉంది, చిటపట సిస్టర్ ఆ రోజు సెలవులో ఉంది. గంటన్నర తర్వాత ఆయా ఖాళీ కప్పు తీసుకుందామని వెళితే, కప్పు ఆవిడ చేతిలోనే ఉంది. మనిషి లేదు. మర్నాడు డ్యూటీకి వచ్చి ఈ మాట విన్న చిటపట సిస్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని కింద పడిపోవాలా? ఆడవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు అది ఒక్కోసారి దవడ నొప్పిగా వస్తుంది, కడుపులో వికారంగా వస్తుంది, ఊరికే నీరసంగా వస్తుంది. మందు తాగితే కాస్త తగ్గినట్టు కూడా ఉంటుంది. తగ్గింది కదా, గుండె కాదులే అనుకోవడానికి లేదు. ఇవన్నీ తెలిసినవాళ్ళే గదుల నిండా ఉన్నారు. తెలిసి ఏం లాభం.

ఆ రోజు నుంచీ బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్ళకూ ఈసీజీ తీయించడం మొదలుపెట్టింది. మిషను కింద ఒక్కటీ లేదు. ఉన్నదాన్ని పై అంతస్తులో, ముందుగా టైము తీసుకుని పరీక్షలు చేయించుకునేవాళ్ళ కోసం ఏసీ గదిలో పెట్టారు. రోజుకు పదిసార్లు మెట్లెక్కి దింపింది. పైవాళ్ళు విసుక్కున్నారు. సూపరింటెండెంటు మెమో ఇచ్చాడు. గోడ మీది నియమాన్ని ధిక్కరించినందుకు సంజాయిషీ, ఇకమీదట పాటిస్తానని క్షమాపణ పత్రం, పన్నెండింటికి విచారణ. నియమం రాసిన మనిషిని కూడా పిలిపిస్తున్నామని కింద ఒక వాక్యం. ఆ వాక్యం చదివినప్పుడే ఆమె పళ్ళు నూరింది.

పదకొండు గంటల అయిదు నిమిషాలకు పెద్దక్క వచ్చింది. గోడ గడియారం సరిగ్గా పెద్దక్క తల మీదుగా కనబడింది, అందుకే టైము గుర్తుంది. చేతిలో గుడ్డ సంచీ. ఇస్త్రీ నలగని తెల్లచీర. జుట్టు మాత్రం ముడి లేదు, వెనక్కి లాగి రబ్బరు బ్యాండు పెట్టి వదిలేసింది. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఒక్క వెంట్రుక బయటికి రానివ్వని మనిషి, పిన్నులు గుచ్చి గుచ్చి ముడి వేసుకునే మనిషి. ఇంట్లో కూర్చుంటే ఇంతే కాబోలు, అని చిటపట సిస్టర్ మనసులోనే మూతి విరిచింది.

"పిల్లా, బాగున్నావా" అంది పెద్దక్క, టేబులు అంచు పట్టుకుని.

"బాగానే ఉన్నానక్కా. నా ఉద్యోగం ఊడగొట్టడానికి ఎండన పడి మరీ వచ్చారు."

"ఒక్క నిమిషం నేను చెప్పేది విను."

"మీరు చెప్పేది గోడ మీద ఉంది. రోజూ చదువుతూనే ఉన్నా."

 అంతలో స్కూటరు మీంచి పడ్డవాణ్ణి మోసుకొచ్చారు, తల పగిలి రక్తం. చిటపట సిస్టర్ అటు తిరిగింది. తిరిగి, ఇటు మళ్ళీ చూడలేదు. చూడకూడదనే చూడలేదు. పెద్దక్క చిన్నగా అడుగులేసుకుంటూ స్తంభం వెనక్కి వెళ్ళడం కంటి కొసకు తగిలింది, అక్కడే కూర్చో, నువ్వు వేయించిన బెంచీయే కదా అనుకుంది. ఆ పూట ఆ గుమ్మంలోంచి వచ్చిన పద్నాలుగు మందిని తల నుంచి కాలిదాకా చూసింది ఆమె. ఒక్క మనిషిని తప్ప.

స్కూటరు మనిషికి కుట్లు పడ్డాయి. ఆయాసంతో వచ్చిన ముసలాయనకు ఆక్సిజన్ పెట్టారు. ఎవరో పసిపిల్ల బలపం మింగిందని తల్లి ఏడుస్తుంటే, బలపం రేపు పొద్దున్నకి అదే వస్తుంది, మీరు ముందు ఆ ఏడుపాపండి అని కసిరి పంపింది. అప్పుడు ఆయా వచ్చి పక్కన నిలబడింది.

"సిస్టర్, పెద్దక్క గులాబీ మందు ఇంకో కప్పు అడుగుతోంది. ఇవ్వనా?"

"ఇంకోటా?"

"ఒకటి వచ్చినప్పుడే తాగింది."

చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. గడియారం చూసింది. పదకొండు నలభై. లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడింది.

పెద్దక్క బెంచీ చివర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి, పై పెదవి మీద చెమట చుక్కలు. జాకెట్టు మెడ దగ్గర తడిసి అంటుకుపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. గ్యాస్. కాస్త కడుపులో తిప్పుతోంది, పొద్దున తిన్నది అరగలేదు."

"చెమటేంటి?"

"ఎండలో వచ్చా కదా."

"వచ్చి అరగంట పైనైంది. నొప్పి ఉందా? పదికి ఎన్ని?"

"రెండు."

"చేతిలోకి గానీ, దవడలోకి గానీ, వీపులోకి గానీ పాకుతోందా?"

"లేదు."

"ఊపిరి?"

"బాగానే ఆడుతోంది."

ఒంటిమీద అంత చెమటతో, గుక్క తిప్పుకోకుండా, పరీక్షలో బట్టీపట్టిన పిల్లలా చెప్తోంది. ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్తే ఏ మంచం మీద పడుకోబెడతారో ఆవిడకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మామూలు మనుషులు నొప్పి అడిగితే పదికి పన్నెండు అంటారు. జీవితమంతా ఆ పన్నెండులు విన్న నర్సు రెండు అంటుంది. చిటపట సిస్టర్‌కు ఒళ్ళు మండిపోయింది. మండుతూనే మణికట్టు పట్టుకుంది. చల్లగా, జిగటగా ఉంది. నాడి మెల్లగా, మధ్యలో ఆలోచించుకుంటూ కొట్టుకుంటోంది. నిమిషానికి నలభై ఎనిమిది.

అప్పుడు పెద్దక్క నేర్పిన ప్రశ్నే పెద్దక్కను అడిగింది. నొప్పి ఎంత అని అడక్కు పిల్లా, దానికి అబద్ధం చెప్తారు, తెలిసీ చెప్తారు, తెలియకా చెప్తారు. ఇలా అడుగు అని పదహారేళ్ళ కిందట ఇదే గదిలో చెప్పిన ప్రశ్న.

"నిన్న చేసిన పని ఏది ఇవాళ చెయ్యలేకపోయారు?"

పెద్దక్క తలొంచుకుంది. ఈ ప్రశ్నకు జవాబు తయారుగా లేదు.

"ముడి వేసుకోలేకపోయా" అంది చివరికి. "చెయ్యి పైకి లేవలేదు."

"ఎప్పట్నుంచి?"

"పొద్దున ఆరింటి నుంచి. విచారణ అయ్యాక చూపించుకుందామనుకున్నా."

చిటపట సిస్టర్ నోట వచ్చిన తిట్టు ఇక్కడ రాయడానికి పనికిరాదు. ఆవిడను లేవనివ్వకుండా భుజం పట్టుకుని, స్ట్రెచర్ తెమ్మని కేకేసింది. పడుకోబెట్టి, ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి తగిలించి, రెండు చేతులకూ బీపీ చూసింది. పైది తొంభై. చిన్న డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. కొత్తగా వచ్చినవాడు, మంచివాడే, తొందరెక్కువ.

"గుండె నొప్పయితే నాలుక కింద మాత్ర పెట్టండి సిస్టర్."

"పెట్టను డాక్టర్. బీపీ తొంభై, నాడి నలభై ఎనిమిది, కడుపులో తిప్పుతోంది. గుండె కింది భాగమైతే, కుడి వైపు కూడా దెబ్బ తినుంటే, ఆ మాత్రకు బీపీ ఇంకా పడిపోతుంది. ముందు ఈసీజీ. కుడి వైపు కూడా తీద్దాం."

అతను తలూపాడు. ఇంకొకడైతే అహం అడ్డొచ్చేది. ఆ కుర్రాడికి రాలేదు, అది ఆ పూట జరిగిన మంచి.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఏసీ గదిలో ఎవరో పెద్దమనిషి చొక్కా విప్పి, కాళ్ళూపుకుంటూ మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిషను చూసే అతను "సిస్టర్, అపాయింట్‌మెంట్ ఉంది" అంటూనే ఉన్నాడు, ఆమె ప్లగ్గు పీకి, తీగలు మెడలో వేసుకుని, మిషనెత్తుకుని బయటపడింది. పెద్దమనిషి చొక్కా వెతుక్కున్నాడు.

కాగితం మీద గీతలు పడుతుంటే డాక్టరుకంటే ముందు చూసింది పెద్దక్కే. మెడ తిప్పి, తలకిందులుగా, తన గుండె తాను చదువుకుంది. "కింది గోడ" అంది. పరీక్ష పాసైన పిల్లను చూసినంత ప్రశాంతంగా అంది. కడుపులో పుండ్లు, రక్తం పడటం, ఆస్పిరిన్ పడకపోవడం ఏమైనా ఉన్నాయా అని అడిగి, మాత్ర నమిలించి, చేతికి సూది పెట్టి రక్తం తీసి, సెలైన్ తగిలించింది చిటపట సిస్టర్. పక్క భవనంలో, మూసుకున్న నాళం తెరిచే గదికి డాక్టరు ఫోన్ చేస్తున్నాడు.

"కాగితం మీద టైము ఎంతని రాశావు?" అంది పెద్దక్క.

"వచ్చింది పదకొండు అయిదు. ఈసీజీ పదకొండు నలభై ఏడు."

"నలభై రెండు నిమిషాలు. పదిలోపు తియ్యాలి కదే. ఎవరు చూశారు, పదని రాసెయ్ పిల్లా. నీ మీదకు తెచ్చుకోకు."

"నోరు మూసుకుని పడుకోండక్కా."

"ఒక్క మాట. నేను పొద్దున చెబుదామనుకున్నది." ఊపిరి తీసుకుంది. "ఆ బెంచీ నేను వేయించింది స్తంభం వెనక కాదు. నా స్టూలు పక్కన. చెయ్యి చాపితే నాడి అందేంత దూరంలో. మందిస్తూ, పావుగంట మనిషిని చూస్తూ కూర్చునేదాన్ని. మందుల షాపు క్యూకి జాగా కావాలని, నువ్వు రాకముందే వెనక్కి నెట్టారు. కాగితం మీద చూడమని లేదు. అది రాయాలా, ఎదురుగా ఉంటే ఎవరైనా చూస్తారు కదా అనుకున్నా. తప్పు నాదే. అది చెప్పడానికే వచ్చా."

స్ట్రెచర్ కదిలింది. చిటపట సిస్టర్ తలుపుదాకా పక్కనే నడిచింది. వేలాడుతున్న చీర కొంగు తీసి స్ట్రెచర్ మీదకు సర్దింది.  

పన్నెండున్నరకు సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. క్షమాపణ పత్రం టైపు చేయించి టేబులు మీద పెట్టి ఉంచారు, పైన పెన్ను కూడా. ఆమె దాని మీద తన చేతిలోని కాగితం పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. నలభై రెండు దగ్గర ఆగాడు.

"ఈవిడకు చీటీ లేదు కదా?"

"లేదు సర్."

"చీటీ లేనప్పుడు ఎప్పుడు వచ్చిందో ఎవరికి తెలుసు?" గొంతు మెత్తబడింది. "పదకొండు నలభై అని రాయండి. ఏడు నిమిషాల్లో ఈసీజీ. మీకూ పేరు, ఆస్పత్రికీ పేరు. ఆ మెమో సంగతి నేను చూసుకుంటాను. చింపి పారేద్దాం."

అదీ సంగతి. రెండు నెలలు నిజం చెప్పినందుకు మెమో, ఒక్క అబద్ధం రాస్తే మెమో రద్దు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో సిగ్గు ఏమాత్రం లేదు, పైగా మేలు చేస్తున్న చిరునవ్వు.  అయితే ఈసారి ఆమె కోపమంతా ఆయన మీదకే పోలేదు. సగం తన మీదకే తిరిగింది.

"పదకొండు అయిదుకు నా ఎదురుగా నిలబడింది సర్. టేబులు పట్టుకుని నిలబడింది, ఎందుకు పట్టుకుందో చూడలేదు. జుట్టు చూశా, ఎందుకలా ఉందో అడగలేదు. కోపం వచ్చి ముఖం తిప్పుకున్నా. బెంచీ స్తంభం వెనక లేకపోతే, తిప్పుకున్నా కళ్ళబడేది. రెండూ రాశాను, కింద సంతకం పెట్టాను. నేను పెట్టే సంతకం ఇదొక్కటే."

"ఇది మీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోవాలి."

ఆయన చిరునవ్వు మాయమైంది. పదిహేను రోజులు విధులకు రావద్దన్నాడు, ఆ తర్వాత సంగతి పైవాళ్ళు తేలుస్తారన్నాడు. ఆమె కాగితం నకలు అడిగి తీసుకుంది. అసలు ఆయన డ్రాయర్లోకి పోతుందని ఆమెకు తెలుసు.

కిందికి దిగుతుంటే చిన్న డాక్టరు మెట్ల మీద ఎదురయ్యాడు. నాళం తెరిచారన్నాడు. ప్రాణానికి ప్రమాదం లేదన్నాడు. "కానీ కింది గోడ కొంత పోయింది సిస్టర్. ఇక కోలుకోదు. ఒక్క అరగంట ముందు..." అని, ఆమె ముఖం చూసి ఆపేశాడు. పొద్దున ఆరింటి నుంచి ఇంట్లో పోయిన గంటలు పెద్దక్కవి. ఆ నలభై రెండు నిమిషాలు మాత్రం తనవి. వాటిని ఎవరి ఖాతాలోకీ నెట్టడానికి లేదు.  

సంచీ తీసుకోవడానికి ఎమర్జెన్సీకి వచ్చింది. స్టూలు మీద అప్పుడే కొత్త సిస్టర్ని కూర్చోబెట్టారు, రెండేళ్ళ సర్వీసు కూడా లేని పిల్ల, బెదురుగా లేవబోయింది. ఆమె కూర్చోమని సైగ చేసి, సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మం వైపు నడిచింది. నడుస్తూ స్తంభం పక్కకు తొంగి చూసింది.

బెంచీ మీద గోడలకు రంగులేసే మనిషి ఒకతను కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా సున్నపు చుక్కలు. చేతిలో గులాబీ మందు కప్పు.

"లేవకండి. లేదు, ఒక్కసారి లేవండి, గోడ పట్టుకుని నిలబడండి" అంది ఆమె. బెంచీ కొస పట్టుకుని లాగింది. ఇనప కాళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. హాలంతా ఇటు తిరిగింది. గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, "సిస్టర్, అది అక్కడే ఉండాలి, సార్‌కి తెలిస్తే" అన్నాడు.

"వెళ్ళి చెప్పు. పద, ఇప్పుడే వెళ్ళు."

అతను వెళ్ళలేదు. ఆయా వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి పాతికడుగులూ ఈడ్చి, బెంచీని స్టూలుకి ఆనించి పెట్టారు. కొత్త పిల్ల గుడ్లప్పగించి చూస్తోంది. చిటపట సిస్టర్ రంగులేసే అతన్ని నడిపించుకొచ్చి కూర్చోబెట్టి, డ్యూటీ లేని మనిషి అయినా సరే, పక్కన కూర్చుంది. చేతిలోని కప్పు తీసి కింద పెట్టి మణికట్టు పట్టుకుంది.

"చూడమ్మాయ్, ఇలా అడగాలి" అంది కొత్త పిల్లతో. అతని వైపు తిరిగింది. "నిన్న చేసిన పని ఏది ఇవాళ చెయ్యలేకపోయారు?"

అతను ఆలోచించాడు. ఆమె గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టసాగింది.